పెద్ద కొండచిలువను మొదటిసారి పెంచాలనుకుంటున్నాను, ముందుగా ఏం తెలుసుకోవాలి?

తొలిమెట్టు:

అందరికీ నమస్కారం. ఐదేళ్లుగా ఒక కార్న్ స్నేక్‌ను, మూడేళ్లుగా ఒక బాల్ పైథాన్‌ను పెంచుతున్నాను. రెండూ వేళకు తింటున్నాయి, కుబుసం ఒక్క ముక్కగా విడుస్తున్నాయి, ఇప్పటివరకు వైద్యుడి అవసరం రాలేదు. ఆ ధైర్యంతోనే ఇప్పుడు పెద్ద జాతి పాము వైపు మనసు మళ్లింది. తెలిసిన పెంపకందారు ఒకరి దగ్గర బర్మా కొండచిలువ పిల్ల ఉంది. ఆడది, వయసు మూడు నెలలు, పొడవు దాదాపు 80 సెంటీమీటర్లు. మొన్న చేతిలోకి తీసుకున్నప్పుడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, నా వేళ్ల సందులన్నీ నాలుకతో తడిమి చూసి, చివరికి చొక్కా చేతిలోకి తల దూర్చి అలాగే ఉండిపోయింది. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను.

మేముండే చోట ఈ జాతిని పెంచడానికి అనుమతి పత్రం తప్పనిసరి. నిబంధనలు చదివాను కానీ దరఖాస్తు ఇంకా పెట్టలేదు. ఇంట్లో నేనూ నా భార్యా ఇద్దరమే ఉంటాము. చిన్న పాములతో నాకు వచ్చిన అనుభవం పెద్ద పాము విషయంలో ఎంతవరకు పనికి వస్తుంది? ఏ విషయాలు మొదటి నుంచీ నేర్చుకోవాలి? మొహమాటం లేకుండా చెప్పమని మనవి.

కుబుసం:

తొలిమెట్టు గారూ, మాట ఇచ్చేయకముందే అడిగారు, చాలా సంతోషం. ఇరవై ఏళ్లకు పైగా బోవాలను (ఇవీ కొండచిలువల్లాగే ఎరను చుట్టి చంపే పాములే), బర్మా కొండచిలువలను పెంచుతున్న వ్యక్తిగా నాకు తెలిసింది చెబుతాను.

మీరు చేతిలోకి తీసుకున్నది పిల్లను. మీరు పెంచబోయేది మాత్రం ఆ పిల్లను కాదు, ఎందుకంటే అది పిల్లగా ఉండేది కొన్ని నెలలే. బర్మా కొండచిలువ గుడ్డు నుంచి బయటికి వచ్చేటప్పుడు అర మీటరు పైచిలుకు ఉంటుంది, మంచి మేత దొరికితే మొదటి ఏడాదిలోనే రెండు మీటర్లు దాటగలదు. పూర్తిగా ఎదిగిన ఆడది సాధారణంగా నాలుగు మీటర్ల దాకా, కొన్ని సందర్భాల్లో ఐదు మీటర్ల దాకా పెరుగుతుంది. బరువు 40 కిలోలు దాటడం విశేషమేమీ కాదు. మగవి ఆడవాటికంటే చెప్పుకోదగినంత చిన్నవిగా ఉంటాయి. ఆయుష్షు ఇరవై ఏళ్ల పైమాటే. అంటే ఈ రోజు మీ మణికట్టుకు చుట్టుకున్నది నాలుగేళ్ల తరువాత మీరు ఒక్కరే ఎత్తలేని జంతువు అవుతుంది, ఆ స్థితిలోనే మిగిలిన జీవితమంతా మీ ఇంట్లో గడుపుతుంది. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, మీకు నడుము నొప్పి వచ్చినా దాన్ని ఎత్తి శుభ్రం చేసే పని ఆగదు.

అందుకని నా మొదటి సలహా ఒక్కటే. పిల్లను మళ్లీ చూడడానికి వెళ్లకండి. ఎదిగిన ఆడ బర్మాను పెంచుతున్నవారి దగ్గరికి వెళ్లి, వాళ్లు దాని పెట్టెను శుభ్రం చేసే రోజున, మేత పెట్టే రోజున పక్కనే ఉండి చూడండి. వాళ్లు అనుమతిస్తే నడిమి భాగాన్ని మీ రెండు చేతుల మీదకు తీసుకుని పది నిమిషాలు నిలబడండి. ఆ బరువు, ఆ కండరం మీ చేతుల మీద కదిలే తీరు ఎవరూ రాసి చెప్పగలిగేవి కావు.

మీ అనుభవం వృథా అని నేను అనడం లేదు. వేడి, తేమ, కుబుసం, రికార్డులు రాసుకోవడం, ఇవన్నీ మీకు అలవాటైన పనులే. కొత్తగా నేర్చుకోవలసింది ముఖ్యంగా ఒకటుంది. బాల్ పైథాన్ పొరపాటున కరిస్తే రెండు రక్తపు చుక్కలతో పోతుంది. నాలుగు మీటర్ల పాము అదే పొరపాటు చేస్తే ప్రాణం మీదకు వస్తుంది. మీరు చేసే తప్పు చిన్నదే కావచ్చు, దాని ఫలితం మాత్రం పాముతో పాటు పెరుగుతుంది.

రాత్రిగస్తీ:

కుబుసం గారి మాటకు కొనసాగింపుగా రాస్తున్నాను. ఒక జంతు ప్రదర్శనశాలలో సరీసృపాల విభాగంలో చాలా కాలం పనిచేశాను. అక్కడ మా చేత మొదట వల్లె వేయించిన నియమం ఇది: రెండున్నర మీటర్లు దాటిన పాము పెట్టె తలుపు ఒక్కరే ఉన్నప్పుడు తెరవకూడదు. పాము ఎంత సాధువైనా, పని ఎంత చిన్నదైనా, కేవలం నీళ్ల తొట్టి మార్చడమే అయినా సరే. మూడున్నర, నాలుగు మీటర్ల పాముకు ఇద్దరు కూడా చాలరు, ముగ్గురుండాలి. రెండో మనిషి అంటే పక్క గదిలో టీవీ చూస్తున్నవారు కాదు. చేయి చాపితే అందేంత దూరంలో, ఏం చేయాలో ముందే తెలిసి నిలబడ్డవారు. మీ శ్రీమతి గారికి ఈ పని ఇష్టం లేకపోతే, భయం ఉంటే, ఈ ఆలోచనను ఇక్కడితో ఆపడం మేలు. ఇది ఇద్దరూ కలిసి తీసుకోవలసిన నిర్ణయం.

కొండచిలువ ఎరను ఊపిరాడకుండా చేసి చంపుతుందని చాలామంది అనుకుంటారు. బోవాల మీద జరిగిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. ఎలుకలకు అమర్చిన కొలత పరికరాలు ఏం చూపించాయంటే, చుట్ట బిగిసిన కొన్ని క్షణాల్లోనే ఎర రక్తపోటు పడిపోయి, రక్త ప్రసరణ ఆగిపోతుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పెద్ద పాము మెడకో ఛాతీకో చుట్టుకుంటే తేరుకుని ఆలోచించుకునే వ్యవధి మనం ఊహించుకున్నంత ఉండదు. పెద్ద పామును మెడ చుట్టూ వేసుకుని ఫొటో దిగే అలవాటును నేను ఎవరికీ, ఎప్పుడూ సమర్థించను.

ఒకవేళ కరిచి చుట్టుకుంటే లాగకూడదు. పళ్లు లోపలికి వంగి ఉంటాయి కనుక, లాగేకొద్దీ కండ చీలుతుంది, పాము పళ్లు కూడా విరిగి గాయంలోనే ఉండిపోతాయి. రెండో మనిషి తోక కొస పట్టుకుని అక్కడి నుంచి ఒక్కొక్క చుట్టను విప్పుకుంటూ రావాలి, ఎందుకంటే పాము బలం నడిమి భాగంలో ఎక్కువ, తోక దగ్గర తక్కువ. నోరు వదలకపోతే చల్లటి నీళ్ల ధార, అది చాలకపోతే నోటి అంచున కొద్దిగా ఆల్కహాల్ ఉన్న ద్రవం పనిచేస్తాయి. వీటిని పెట్టె పక్కనే అలమారలో ఉంచుకోవాలి. అవసరం వచ్చిన క్షణంలో ఎక్కడున్నాయో వెతుక్కునే స్థితి రాకూడదు.

తొలిమెట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా భార్యకు చిన్న పాములంటే భయం లేదు, కానీ మూడో మనిషి గురించి మేము ఆలోచించనే లేదు. ఒక సందేహం. మేత పెట్టె లోపల పెడితే తలుపు తెరిచిన ప్రతిసారీ తిండి వచ్చిందనుకుని పాము దూకుతుందని, అందుకే వేరే డబ్బాలోకి మార్చి తినిపించాలని ఒక మిత్రుడు చెప్పారు. బాల్ పైథాన్‌కు నేను అలాగే చేస్తున్నాను. పెద్ద పాముకు కూడా అదే పద్ధతి మంచిదా?

ఆకుపచ్చనీడ:

నేను రెండు బోవాలకు పదేళ్లుగా వేరే తొట్టిలోనే మేత పెడుతున్నాను. ఈ పదేళ్లలో ఒక్కసారి కూడా కాటు తినలేదు. పెట్టె లోపల చేయి పెట్టినప్పుడు అవి ప్రశాంతంగానే ఉంటాయి. కాబట్టి ఈ పద్ధతిని పూర్తిగా తీసిపారేయనక్కర లేదని నా అభిప్రాయం.

కుబుసం:

ఆకుపచ్చనీడ గారి అనుభవాన్ని నేను కాదనను. కానీ వారి బోవాలు రెండు మీటర్ల లోపువి అని గతంలో వారే రాశారు. నాలుగు మీటర్ల బర్మా దగ్గర ఈ పద్ధతి ఎందుకు ప్రమాదమో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదాల్లో ఎక్కువ భాగం మేత వేళ చుట్టూనే జరుగుతాయి.

పాము తిండిని చూసి గుర్తుపట్టడం తక్కువ. నాలుకతో వాసనను, బర్మా కొండచిలువ అయితే పై పెదవి పొలుసుల్లో ఉండే వేడి పసిగట్టే గుంటలతో వేడిని గుర్తిస్తుంది. కుందేలు వాసన గదిలో ఉన్నప్పుడు ఎదురుగా కదిలే ఏ వెచ్చటి వస్తువైనా దానికి కుందేలే. ఇప్పుడు వేరే తొట్టి పద్ధతిని ఊహించుకోండి. వాసన సోకి ఆకలితో మేల్కొన్న జంతువును మీరు మీ వెచ్చటి చేతులతో ఎత్తాలి. తిన్న తరువాత, ఇంకా వేటాడే స్థితిలోనే ఉన్నదాన్ని, కడుపులో నాలుగు కిలోల ఎరతో ఉన్నదాన్ని, మళ్లీ ఎత్తి పెట్టెలో పెట్టాలి. మీకూ ప్రమాదమే, పాము తిన్నది కక్కుకునే ప్రమాదమూ ఉంది. అందుకే పెద్ద పాముకు దాని పెట్టెలోనే, పొడవాటి పట్టకారుతో పెట్టాలి.

తలుపు తెరిస్తే దూకే సమస్యకు పరిష్కారం హుక్కు అలవాటు. హుక్కు అంటే పాములను పట్టడానికి వాడే, కొస వంగిన పొడవాటి కడ్డీ. మేత లేని ప్రతి సందర్భంలోనూ తలుపు తెరవగానే మొదట హుక్కు వంపుతో పాము నడుము మీద మృదువుగా రాయాలి, తరువాత మెడ దగ్గర నెమ్మదిగా తాకాలి. మేత రోజున హుక్కు అసలు కనిపించకూడదు. కొన్ని వారాల్లో పాముకు తేడా తెలుస్తుంది. మెడను ఇంగ్లీషు అక్షరం ఎస్ ఆకారంలో వెనక్కి ముడుచుకుని, నాలుక ఆడించడం ఆపి, కళ్లు మీ చేతి మీదే నిలిపిన పాము ఇంకా వేట ఆలోచనలో ఉన్నట్లు. హుక్కు తగలగానే ఆ మెడ సడలి, నాలుక నిదానంగా బయటికి వచ్చి ఊగుతుంది. ఆ సడలింపు కనిపించేవరకు చేయి లోపల పెట్టకండి. పిల్లగా ఉన్నప్పటి నుంచే ఈ అలవాటు చేయాలి. హుక్కు అవసరమే లేని వయసులో మొదలుపెడితేనే అవసరమైన వయసులో అది పనిచేస్తుంది.

నాకు జరిగిన ఒక సంఘటన చెబుతాను. పన్నెండేళ్ల క్రితం మా ఆడ బర్మాకు మేత పెట్టే రోజున, గడ్డకట్టించి నిల్వ చేసి కరిగించిన కుందేలును వంటింటి సింకులో తుడిచి పక్కన పెట్టి, నీళ్ల తొట్టి ఖాళీ అయిందేమో చూద్దామని తలుపు తెరిచాను. చేతులు కడుక్కోలేదు. తల వచ్చింది నాకు కనిపించలేదు, ముంజేతి మీద సుత్తితో కొట్టినట్లు అనిపించింది, కిందికి చూసేసరికి మోచేతి దాకా ఒక చుట్ట పడిపోయింది. నా తమ్ముడు గదిలోనే ఉన్నాడు కనుక తోక వైపు నుంచి విప్పగలిగాడు. చేతి వేళ్లు నల్లబడడం మొదలైంది అప్పటికే. ఆ పాము తప్పు ఏమీ లేదు. అది కుందేలు వాసన వేసిన వెచ్చటి వస్తువును పట్టుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో మేత తాకిన చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగి, చొక్కా మార్చుకునేవరకు ఏ పెట్టె తాళమూ తీయము.

ఆకుపచ్చనీడ:

నిజమే, నా అనుభవం చిన్న బోవాలతోనే. నాలుగు కిలోల ఎర మింగిన పామును ఎత్తి మోయడం గురించి నేను ఆలోచించలేదు. నా మాటను ఆ మేరకు సవరించుకుంటున్నాను.

నీటితొట్టి:

పెట్టె సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి అది నేను రాస్తాను. వడ్రంగం తెలిసినవాడిని, నా పాములకూ మరికొందరి పాములకూ పెట్టెలు నేనే కట్టాను.

ఎదిగిన బర్మాకు పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు ఉన్న పెట్టె కనీసం. పాము ఒళ్లు పూర్తిగా చాచుకోగలిగేంత పెట్టె ఇంకా మంచిది. వీలుంటే గదినే కేటాయించండి. గాజు తొట్లు ఈ పరిమాణానికి పనికిరావు, బరువు ఎక్కువ, వేడి నిలవదు. పీవీసీ పలకలు, లేదా లోపలి వైపు నీరు ఇంకకుండా పూత వేసి పూర్తిగా ఆరబెట్టిన ప్లైవుడ్ వాడండి. జారుడు గాజు తలుపు అయితే దళసరి టెంపర్డ్ గాజు, రెండు చివరలా తాళం. పెద్ద పాము తలుపు సందులో ముక్కు పెట్టి గంటల తరబడి నెట్టగలదు, దాని ఓపిక ముందు గడియ నిలబడదు, తాళమే నిలబడాలి. తాళం చెవి పెట్టెకు వేలాడదీయకండి.

వేడి ఒక వైపు నుంచే ఇవ్వాలి. వెచ్చటి చివర 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి చివర 25 నుంచి 27 డిగ్రీలు ఉంటే పాము తనకు కావలసిన చోట తానే సర్దుకుంటుంది. పైకప్పుకు బిగించే రేడియంట్ హీట్ ప్యానెల్ పెద్ద పెట్టెలకు బాగా నప్పుతుంది. బల్బు వాడితే దాని చుట్టూ గట్టి తీగ పంజరం ఉండాలి, లేకపోతే పాము దానికే చుట్టుకుంటుంది. వేడెక్కే రాళ్లు మాత్రం వద్దు. పాము తన పొట్ట కాలుతున్నా తొలగిపోకుండా అలాగే పడుకుని ఉండడం నేను కళ్లారా చూశాను.

థర్మోస్టాట్ (వేడిని హద్దులో ఉంచే పరికరం) లేకుండా ఏ హీటరూ పెట్టకండి. పెట్టినా, దాని సెన్సర్ తీగను ఎక్కడ బిగించారో ప్రతి రోజూ చూడండి. ఒకసారి నా పెట్టెలో పాము కదలికకు సెన్సర్ ఊడి నీళ్ల తొట్టిలో పడింది. నీళ్లు చల్లగా ఉన్నాయి కనుక థర్మోస్టాట్ ఇంకా వేడి కావాలనుకుని హీటర్‌ను ఆపకుండా నడిపింది. ఉదయం తలుపు ముట్టుకుంటే చేయి చురుక్కుమంది. పాము అదృష్టం కొద్దీ చల్లటి మూలలో నీళ్లలో ముడుచుకుని ఉంది. అప్పటి నుంచి సెన్సర్‌ను గోడకు క్లిప్పులతో బిగించి, రెండో థర్మోస్టాట్‌ను గరిష్ఠ హద్దుగా పెడుతున్నాను, దానితో సంబంధం లేని థర్మామీటర్లు రెండు చివరలా ఉంచుతున్నాను.

నీళ్ల తొట్టి పాము మొత్తం మునిగి కూర్చోగలిగేంత ఉండాలి. అంత తొట్టిని నిండుగా మోయడం కష్టం, కాబట్టి అడుగున రంధ్రం, గొట్టం, మర ఏర్పాటు చేసుకుంటే ఇరవై ఏళ్లు మీ నడుము మిమ్మల్ని దీవిస్తుంది. పాము నీళ్లలోనే మలవిసర్జన చేసే సందర్భాలు ఎక్కువ, అదే రోజు తొట్టి కడగక తప్పదు. అడుగు పరుపుకు కొబ్బరి పొట్టు ముక్కలు బాగుంటాయి, తేమను పట్టి ఉంచుతాయి. దేవదారు రంపపు పొట్టు మాత్రం వాడకండి, దాని నూనెల ఘాటు సరీసృపాలకు హాని చేస్తుంది.

పశువైద్యమిత్ర:

సరీసృపాలకు వైద్యం చేసే వ్యక్తిగా కొన్ని మాటలు. నా దగ్గరికి వచ్చే పెద్ద పాముల్లో ఆకలితో చిక్కినవి అరుదు, అతిగా తిని ఒళ్లు చేసినవే ఎక్కువ. పెంచేవారికి తినిపించడంలో ఒక ఆనందం ఉంటుంది, పాము కూడా పెట్టిందల్లా తింటుంది. అడవిలో నెలల తరబడి ఆకలికి తట్టుకునేలా రూపొందిన శరీరం అది. కొండచిలువ పెద్ద భోజనం చేసినప్పుడు రెండు రోజుల్లోనే దాని గుండె కండరం దాదాపు 40 శాతం పెరుగుతుందని 2005లో ప్రచురితమైన పరిశోధన చూపింది. కాలేయం, పేగులు కూడా పెరిగి, జీర్ణం పూర్తయ్యాక మళ్లీ కుదించుకుంటాయి. ఇంత శ్రమ తరువాత ఆ శరీరానికి విరామం కావాలి. పిల్లకు వారం పది రోజులకు ఒకసారి, ఎదిగినదానికి మూడు నాలుగు వారాలకు ఒకసారి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వ్యవధితో పెట్టడం చాలు. ఎర మందం పాము ఒంట్లో అత్యంత లావైన చోటును మించకూడదు. తోక మొదట్లో కొవ్వు గడ్డలు, వంగినప్పుడు పొలుసుల మధ్య చర్మం బాగా సాగినట్లు కనిపించడం స్థూలకాయానికి గుర్తులు.

గడ్డకట్టించి నిల్వ చేసిన ఎరనే వాడండి. బతికి ఉన్న ఎలుక కొరికితే పాము కన్ను పోవచ్చు, వీపు ఎముక బయటపడేదాకా కొరికిన సందర్భాలకు నేను కుట్లు వేశాను. ఎరను ఫ్రిజ్‌లో ఒక రోజంతా ఉంచి కరిగించి, తరువాత సంచిలో పెట్టి గోరువెచ్చటి నీళ్లలో ముంచాలి. మైక్రోవేవ్ వద్దు, పైన ఉడికి లోపల మంచుగానే ఉండిపోతుంది. తిన్న తరువాత కనీసం రెండు రోజులు పామును ఎత్తకండి, పెద్ద ఎర అయితే ఇంకా ఎక్కువ. తిన్నది కక్కితే వెంటనే మళ్లీ పెట్టవద్దు. రెండు వారాలు ఆగి, చిన్న ఎరతో మొదలుపెట్టండి, మళ్లీ కక్కితే వైద్యుడికి చూపించండి.

శ్వాస సంబంధమైన జబ్బు పెద్ద పాముల్లో తరచుగా చూస్తాను. తల పైకెత్తి నోరు కొద్దిగా తెరిచి ఉంచడం, ఊపిరి తీసినప్పుడు చిరు ఈల శబ్దం, ముక్కు దగ్గర బుడగలు, ఇవి కనిపిస్తే రేపు చూద్దామనుకోవద్దు. ఎక్కువ భాగం చల్లదనం, తడి పరుపు కలిసిన చోట ఇది మొదలవుతుంది. కుబుసానికి ముందు కళ్లు పాలపొర కమ్మినట్లు మారడం సహజమే, అది జబ్బు కాదు; ఆ రోజుల్లో పాముకు చూపు సరిగా ఉండదు కనుక ముట్టుకోకండి, మేత పెట్టకండి. కుబుసం విడిచాక కంటి పొర రెండూ వచ్చాయో లేదో విడిచిన చర్మంలోనే చూడండి. రాకపోతే గోటితో గీకే ప్రయత్నం చేయవద్దు.

కొత్త పామును మీ పాత పాములున్న గదిలో మూడు నెలల పాటు పెట్టకండి. దాని పనిముట్లు వేరుగా ఉండాలి, రోజూ దాని పని చివర చేయాలి. గడ్డం కింద పొలుసుల్లో, కళ్ల చుట్టూ కదిలే నల్లటి చుక్కలు మైట్లు, అంటే రక్తం పీల్చే చిన్న పురుగులు. బోవాల్లో, కొండచిలువల్లో ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ అనే వైరస్ వ్యాధి ఉంది, దానికి చికిత్స లేదు. బోవాలు ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా దాన్ని మోయగలవు. కాబట్టి బోవా తెచ్చుకునేవారు రక్త పరీక్ష చేయించడం మంచిది. మనుషుల విషయానికి వస్తే సరీసృపాల మలంలో సాల్మొనెల్లా బాక్టీరియా సాధారణం. పాము తొట్టిని వంటింటి సింకులో కడగకూడదు, కుబుసం గారు కూడా ఎరను అక్కడ తుడవడం మానేసి ఉంటారని ఆశిస్తున్నాను. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఇంటికి వచ్చిపోతుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కుబుసం:

మానేశాను డాక్టరు గారూ. ఆ ఏడాదే దానికోసం పెరట్లో వేరే తొట్టి కట్టించాను.

ఆకుపచ్చనీడ:

బోవాలకు ముందు నేనొక బర్మాను పెంచాను, దాన్ని వదులుకోవలసి వచ్చింది. ఆ సంగతి ఇక్కడ చెప్పడం అవసరమనిపిస్తోంది. మూడు మీటర్లు దాటేసరికి మాకు పాప పుట్టింది. రాత్రిళ్లు నిద్ర లేదు, ఇద్దరం కలిసి పెట్టె తెరిచే వీలు లేదు, శుభ్రం చేసే పని వారం నుంచి రెండు వారాలకు జరిగింది. దాన్ని తీసుకునేవారి కోసం పద్నాలుగు నెలలు వెతికాను. రెండు జంతు ప్రదర్శనశాలలు ఇప్పటికే చాలా ఉన్నాయని చెప్పాయి, సంరక్షణ కేంద్రాల్లో వరుస ఉంది. చివరికి అనుభవజ్ఞులైన ఒక దంపతులు తీసుకున్నారు. వాళ్ల బండిలోకి పెట్టెను ఎక్కించడానికి నలుగురం పట్టాం. అది సంచిలోంచి ముక్కు బయటపెట్టి నా చేతి వైపు నాలుక ఆడించడం ఇప్పటికీ గుర్తుంది.

అలాంటి రోజు వస్తే ఎవరికి ఇవ్వాలో తెచ్చుకునే ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆ మనిషి ఒప్పుకోలు తీసుకోండి. బయట వదిలేయాలన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. అమెరికాలోని ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి ప్రాంతంలో మనుషుల పెంపకం నుంచి బయటపడ్డ బర్మా కొండచిలువలు అక్కడే సంతానం పెంచుకున్నాయి. అవి ఎక్కువ కాలంగా స్థిరపడిన ప్రాంతంలో రకూన్‌లు అనే చిన్న అడవి జంతువులు కంటపడడం 99 శాతం తగ్గిందని 2012లో వెలువడ్డ అధ్యయనం తేల్చింది. అదే ఏడాది అమెరికా ఆ జాతి దిగుమతిని నిషేధించింది. కొందరు చేతులు దులుపుకున్నందుకు ఒక అడవి, ఆ తరువాత జాగ్రత్తగా పెంచుతున్న వాళ్లందరూ మూల్యం చెల్లించారు.

తొలిమెట్టు:

మూడు వారాల తరువాత రాస్తున్నాను, క్షమించాలి. మీరందరూ చెప్పినట్లు ఎదిగిన ఆడ బర్మాను చూసి వచ్చాము. 4.2 మీటర్లు, 46 కిలోలు. పెట్టె శుభ్రం చేసే రోజున వెళ్లాము. దాని యజమాని, ఆయన కుమారుడు తల వైపు, నడిమి భాగం పట్టుకున్నారు, తోక వైపు మూడో వంతు నా చేతుల మీద పెట్టారు. చర్మం పొడిగా, చల్లగా, మెత్తగా ఉంది. కానీ లోపల కండరం ఒక అల లాగా నా కుడి చేతి నుంచి ఎడమ చేతికి జరిగినప్పుడు, అది నన్ను పట్టించుకోకుండానే నా రెండు చేతులనూ పక్కకు జరిపేసింది. బలం ఉపయోగించిందని కూడా అనలేను, కేవలం ముందుకు వెళ్లాలనుకుంది. నా భార్య పక్కనే నిలబడి అంతా చూసింది. తిరిగి వస్తూ దారిలో, "మూడో మనిషి మనకు లేరు కదా" అని ఒక్క మాట అన్నది. అది నిజం.

బర్మా పిల్లను తీసుకోవడం లేదని పెంపకందారుకు చెప్పేశాము. ఆయన బాధపడలేదు, పైగా మంచి నిర్ణయమన్నారు. మేము చూడడానికి వెళ్లిన ఇంట్లోనే నెలకు రెండు ఆదివారాలు సహాయానికి రమ్మన్నారు, వెళ్తున్నాము. ఇంతలో ఇంకొక సంగతి. సంరక్షణ కేంద్రంలో నాలుగేళ్ల మగ బోవా ఉంది, పొడవు 1.8 మీటర్లు, ఎదుగుదల దాదాపు పూర్తయిందని అక్కడివారు చెప్పారు. రక్త పరీక్షకు ఒప్పుకున్నారు. మా ఇద్దరం మోయగలిగిన పాము అది. నీటితొట్టి గారు చెప్పినట్లు పాము ఒళ్లు పూర్తిగా చాచుకోగలిగేలా 1.8 మీటర్ల పెట్టె కట్టడం పూర్తయింది, వేరే గదిలో పెట్టాము. పాము వచ్చే మొదటి నెల ఎలా నడపాలో చెప్పగలరా?

కుబుసం:

తొలిమెట్టు గారూ, చాలా సంతోషం. శ్రీమతి గారికి నా నమస్కారాలు చెప్పండి.

పాము వచ్చిన రోజు నీళ్లు పెట్టి, పెట్టె ముందు వైపు సగానికి గుడ్డ కప్పి, తాళం వేసి వదిలేయండి. రెండు వారాల పాటు నీళ్లు మార్చడానికి, మలం తీయడానికి తప్ప తలుపు తెరవవద్దు. మొదటి మేత పదో రోజుకు ముందు వద్దు, అది కూడా సంరక్షణ కేంద్రంలో పెట్టిన దానికంటే ఒక సైజు చిన్నది పెట్టండి. తినకపోతే గంట తరువాత తీసేసి మరో పది రోజులు ఆగండి. చోటు మారిన బోవా రెండు మూడు మేతలు వదిలేయడం మామూలే, బరువు నిలకడగా ఉంటే కంగారు పడకండి. హుక్కు అలవాటు తలుపు తెరిచిన మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి. నెలకొకసారి బరువు తూచి, మేత తేదీ, కుబుసం తేదీ, మలం తేదీ ఒకే పుస్తకంలో రాయండి; వైద్యుడు మొదట అడిగేది ఆ పుస్తకమే.

అన్నింటికంటే ముందు ఇంకో పని ఉంది. పాము లేకుండానే పెట్టెను వారం రోజులు నడపండి. ఉదయం, మధ్యాహ్నం, అర్ధరాత్రి రెండు చివరలా వేడి ఎంత ఉందో, తేమ ఎంత ఉందో రాసుకోండి. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, నీటితొట్టి గారూ నేనూ చూసి చెబుతాము.

నీటితొట్టి:

సెన్సర్‌ను ఎక్కడ బిగించారో ఫొటో కూడా పెట్టండి.